కసిల్డా ఇంటికి ఈగ రాలేదు

మోల్యేపంపాలో చచ్చిపోయినవాళ్లందరూ ఏడాదికోసారి దోన్యా కసిల్డా చేతుల మీదుగానే ఊళ్లోకి వస్తారు. సకల పునీతుల పండుగకి ముందు మూడు రోజులూ ఆవిడ మట్టి బట్టీ ముందు పళ్లేలు వరసకట్టి ఉంటాయి. గుడ్డు సొనలు, పంచదార, సోంపు, దాల్చినచెక్క పొడి వేసి ఎవరి పిండి వాళ్లే కలుపుకుంటారు, ఎవరి మనిషిని వాళ్లే రొట్టెబొమ్మగా మలుచుకుంటారు. కొంగు బిగించిన అమ్మమ్మ, గిటారు పట్టుకున్న బాబాయి, ఉయ్యాల్లోనే పోయిన పసిగుడ్డు, వాళ్లు ఆకాశం నుంచి దిగడానికి ఒక రొట్టె నిచ్చెన. కాల్చడం మాత్రం కసిల్డా పని.

మలిచేది వాళ్లే అయినా ఆవిడ నోరు ఊరుకోదు. ఒకసారి ఒక కోడలు వచ్చి, "దోన్యా కసిల్డా, మా అత్త నోరు కాస్త చిన్నది చేసి కాల్చు తల్లీ," అంది.

"నోరు చిన్నదైతే అది మీ అత్తే కాదు. ఆవిడ తన బొమ్మ పోల్చుకోలేక ఇల్లిల్లూ తిరుగుతుంది. ఆనక నన్ను తిడుతుంది," అంది కసిల్డా. ఆ నోటిని ఇంకో వేలెడు సాగదీసి మరీ బట్టీలోకి తోసింది.

ఆవిడ దగ్గర గడియారం లేదు, వేడి కొలిచే ముల్లూ లేదు. నిప్పులు ఊడ్చేశాక కుడి చెయ్యి మోచేతి దాకా బట్టీలో పెట్టి మరియమ్మకి చెప్పే మంగళవార్త జపం మొదలుపెడుతుంది. రెండు జపాలకే చెయ్యి లాక్కోవలసి వస్తే వేడి ఎక్కువ. నాలుగు పూర్తయితే సరిగ్గా రొట్టె వేడి. ఆరు దాటితే మళ్లీ కట్టెలు వెయ్యాలి. ముప్పై నాలుగేళ్లుగా ఇదే పద్ధతి కావడంతో ఆవిడ కుడి చేతి మీద ఒక్క వెంట్రుకా లేదు. ఎడమ చేతి మీద మాత్రం మగవాళ్లకి ఉన్నట్టు ఉంటాయి. ఆ చెయ్యి లోపల ఉన్నంతసేపూ బట్టీ దగ్గర ఎవరూ కిక్కురుమనకూడదు. ఊళ్లో ఫాదరు దగ్గర్నుంచి పందుల వ్యాపారి దాకా అందరూ ఆ నియమం పాటిస్తారు, ఆవిడ మొగుడు ఫెర్మిన్ తప్ప.

ఫెర్మిన్ ఉద్యోగం కట్టెలు కొట్టడం, వృత్తి మాట్లాడ్డం. నిద్రలో కాసేపు ఆపేవాడని అంటారు గానీ దానికి సాక్ష్యం లేదు. ఆగస్టు నెలలో ఒక పెళ్లికి రెండు వందల రొట్టెలు కాల్చాల్సి ఉండగా, కసిల్డా చెయ్యి బట్టీలో ఉన్న సమయానికి అతను పరుగెత్తుకొచ్చాడు. "కసిల్డా, కసిల్డా! మాంసం కొట్టు నెమెసియో పంది గుళ్లోకి దూరి ఫాదరు కుర్చీలో పడుకుందే!" అని మొదలుపెట్టాడు. ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వులో జపం లెక్క తప్పింది. మూడో నాలుగో తెలియక, నాలుగే అనుకుని రొట్టెలన్నీ తోసేసింది. రెండు వందలూ బొగ్గయ్యాయి.

పెళ్లివాళ్లు వాకిట్లో నిలబడి చూస్తున్నారు. కసిల్డాకి తల కొట్టేసినట్టయింది. కోపంలో మాట తూలింది.

"పో! మీ అక్క రోసెందా ఇంటికి పోయి అక్కడ వాగుకో! మళ్లీ ఈ గడప తొక్కావంటే ఇదే పారతో నిన్నూ బట్టీలోకి తోస్తా!"

ఫెర్మిన్ మేకుకున్న టోపీ తీసి పెట్టుకుని వెళ్లిపోయాడు. రోసెందా ఇల్లు నాలుగు వీధుల అవతల.

మొదటి రాత్రి కసిల్డా తలుపు గడియ వెయ్యలేదు. మూడో రోజు అతనికిష్టమని దుంపల పులుసు చేసి, రెండు గిన్నెల్లో పోసి, రెండూ తనే తిని, కడుపుబ్బరంతో పడుకుంది. వారం దాటాక దారిన పోయేవాళ్లకి వినపడేలా, "నేనెవరి కోసమూ చూడటం లేదు," అనడం మొదలుపెట్టింది. వెళ్లి పిలవచ్చు కదా అంటే, తోలినదాన్ని నేనే పోయి పిలవాలా అని పంతం. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. కసిల్డాకి ఊరంతా మంచిదే, ఆ నాలుగు వీధులే దాటలేకపోయింది. నలభయ్యో రోజు గుడి గంట చావు మోగింది. ఎవరి కోసమని అడిగితే ఫెర్మిన్ కోసమన్నారు. మూడు రోజుల జ్వరం, రొమ్ము పట్టేసిందట. మామూలు జలుబే కదా అని రోసెందా కబురు పంపలేదు.

సమాధి దగ్గర గుంటకి ఆ పక్కన రోసెందా, ఈ పక్కన కసిల్డా నిలబడ్డారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

అక్టోబరు ఆఖరికి రోసెందా నూతి దగ్గర అందరికీ చెప్పేసింది. "మా తమ్ముడు నా ఇంట్లో పోయాడు, నా ఇంటికే వస్తాడు. వాడి పండగ భోజనం బల్ల నేనే వేస్తా. తరిమేసిన ఇంటికి కుక్క కూడా మళ్లీ రాదు, నా తమ్ముడొస్తాడా?"

ఆ మాట మోసుకొచ్చినవాడు దోన్ ఇలారియోన్. ఇళ్ల వెంట తిరిగి చచ్చిపోయినవాళ్ల కోసం జపాలు చెప్పి, కూలికి బదులు రొట్టెలు పుచ్చుకోవడం ఆయన పని. జపాలతో పాటు వార్తలు ఉచితం. కసిల్డా అంతా విని, "వస్తాడో రాడో ఆవిడకేం తెలుసు!" అని ఎగిరిపడింది. ఆయన వెళ్లాక మాత్రం పిండి తొట్టి మీద కూలబడింది. ఆవిడ భయమూ సరిగ్గా అదే మరి. పోయిన మొదటి ఏడు మనిషి ఎవరి బల్ల దగ్గరికి వస్తే వాళ్లవాడు. ఫెర్మిన్ వస్తే తన మీద కోపం లేనట్టు. రాకపోతే ఆ కోపంతోనే పోయినట్టు. ఇక అడగడానికి మనిషి లేడు. పండగ మధ్యాహ్నం వచ్చి మర్నాటి మధ్యాహ్నానికి వెళ్లిపోయే ఆ ఒక్క రోజే ఉంది.

అందుకని అతని రొట్టెని మూరెడు పొడవున చేసింది. మీసాలు బెల్లప్పాకంతో నల్లగా దిద్దింది. పొట్ట ఉన్నంతా పెట్టింది, ఒక బొత్తాం ఊడినట్టు కూడా చూపించింది. బంగారు రంగులో బయటికొచ్చాడు. ఇలారియోన్ చూసి, "బతికున్నప్పుడు ఇంత అందంగా ఎప్పుడూ లేడు," అన్నాడు. రోసెందా పౌరుషానికి పోయి ఈ బట్టీకి పిండి పంపలేదు. కిరసనాయిలు డబ్బా కోసి తనే పొయ్యి చేసుకుని కాల్చుకుంది. ఆ ఫెర్మిన్ ఉబ్బి, మెడ మాయమై, కప్పలా వచ్చాడని ఊరంతా తెలిసిపోయింది. కసిల్డాకి అదొక్కటే కాస్త ఊరట.

నవంబరు ఒకటిన పన్నెండు గంటలకి గంటలు మోగాయి, టపాసులు పేలాయి. నల్లగుడ్డ పరిచిన బల్ల మీద కొవ్వొత్తులు, పళ్లు, జొన్నసారా కూజా, ఎర్ర మిరపకాయతో వండిన బఠాణీల కోడి కూర, వాటి మధ్య ఫెర్మిన్. తలుపులన్నీ బార్లా తెరిచింది. ఇక రావలసింది ఈగే. ఆ రోజు పన్నెండు దాటాక వచ్చిన ఈగని ఎవరూ తోలరు. ఎవరి మనిషో ఎవరికి తెలుసు? ఆత్మకి కాళ్లుండవు, ఎలాగో ఒకలా ఎగిరి రావాలి కదా.

కానీ కసిల్డా ఇంట్లో ఈగలెక్కడివి? మూడు రోజులు పగలూ రాత్రీ బట్టీ మండింది. గోడలన్నీ పొగ. అసలే శుభ్రం పిచ్చి, దానికి తోడు గుమ్మం నిండా సున్నం. ముప్పై నాలుగేళ్లుగా ఈగ వాలనివ్వని ఇల్లని ఆవిడే చాటింపు వేసుకుంది. ఒంటిగంటయింది. జపాలకి వచ్చినవాళ్లు రొట్టె పుచ్చుకుంటూ బల్ల వైపు ఓరగా చూసి వెళుతున్నారు. అది ఇంకా ఘోరం.

ఇలారియోన్ రోసెందా ఇంటి నుంచి సంచీ నిండా రొట్టెలతో వచ్చాడు.

"అక్కడెలా ఉంది?" అంది కసిల్డా, తనకేం పట్టనట్టు.

"పదకొండు," అన్నాడు. "రెండుసార్లు లెక్కపెట్టా."

"పదకొండు మంది ఫెర్మిన్లా? ఒక్కడితోనే చచ్చేచావయింది నాకు!"

"అన్నీ అతనే అంటానా? పక్కన పందుల దొడ్డి ఉంది కదా. పది దొడ్డివి, ఒకటి ఫెర్మిన్."

"ఏది ఫెర్మినో నీకెలా తెలిసింది?"

"ఆపకుండా గోల చేస్తోంది చూడు, అదీ."

ఈ సాక్ష్యం విన్న కసిల్డా ఆయనకి ఒక రొట్టె విసిరేసినట్టు ఇచ్చి పంపింది. తర్వాత ఉప్పు సీసా కడిగి తుడిచి శాలువా కింద పెట్టుకుని వీధిలోకి నడిచింది. అడిగినవాళ్లకి నెమెసియో వాళ్ల నాన్న బల్ల దగ్గర జపం చెప్పడానికని చెప్పింది.

నెమెసియో మాంసం కొట్లోనే తండ్రికి బల్ల వేస్తాడు. ముసలాయన నలభై ఏళ్లు ఆ కొట్లోనే గడిపాడు, ఇంటికంటే కొట్టే బాగా గుర్తుంటుందని. కసిల్డా మోకరించి ఒక జపం పూర్తిగా, శ్రద్ధగా చెప్పింది. నెమెసియో కళ్లు తుడుచుకుంటూ జొన్నసారా తేవడానికి లోపలికి వెళ్లాడు. మాంసం కొక్కెం మీద బఠాణీ గింజంత పచ్చ ఈగ ఒకటి కూర్చుని ఉంది. కసిల్డా సీసా బోర్లించింది, అరచెయ్యి అడ్డం పెట్టి మూత బిగించింది, సారా రాకముందే వీధిలో పడింది.

ఇల్లు చేరి మూత తియ్యబోతుండగా నెమెసియో రొప్పుతూ గుమ్మంలో నిలబడ్డాడు. అతని వెనక సగం వీధి.

"దోన్యా కసిల్డా! మా నాన్నని ఇచ్చెయ్!"

"ఏం నాన్న? ఇది ఈగ."

"పన్నెండు దాటాక ఈగేమిటి, ఈగ! నువ్వేనా ఆ మాటనేది? నలభై ఏళ్లు ఆయన మాంసం తగిలించిన కొక్కెం అది. ఇవాళ వచ్చి సరిగ్గా అక్కడే వాలాడు. ముప్పావుగంట నుంచి కబుర్లు చెప్పుకుంటున్నాం. సారా పోసి తెచ్చేసరికి సీసాలో పెట్టుకుపోతావా మనిషిని?"

"నాకు ఫెర్మిన్‌లా అనిపించింది," అంది కసిల్డా. ఆవిడ గొంతు సన్నబడటం ఊళ్లో ఎవరూ అంతకుముందు వినలేదు.

"ఫెర్మిన్ మా కొట్టుకెందుకొస్తాడు? మాకు బాకీ కూడా లేడు!"

ఇలారియోన్ జపాల సంచీ కింద పెట్టి పెద్దమనిషి అవతారం ఎత్తాడు. "మూత తియ్యండి. ఎవరి మనిషైతే వాళ్ల దగ్గరికి పోతాడు. చచ్చినవాళ్లు అబద్ధమాడరు."

కసిల్డా మూత తీసింది. ఈగ లేచింది. ఫెర్మిన్ రొట్టె చుట్టూ ఒక చుట్టు, రెండు చుట్లు తిరిగింది. మూడో చుట్టులో అది తిరిగి నెమెసియో రక్తపు మరకల గుడ్డ మీద, సరిగ్గా గుండెల దగ్గర వాలింది.

"నాన్నా!" అన్నాడు నెమెసియో. అంత లావు మనిషీ బొటబొటా కన్నీళ్లు కార్చాడు. తర్వాత చేతులు కదపకుండా, నిండుకుండ మోస్తున్నవాడిలా, అడుగులో అడుగేసుకుంటూ కొట్టుకి బయల్దేరాడు. అతను వెళుతుంటే వీధిలో మగవాళ్లందరూ టోపీలు తీశారు. మలుపు దాటేదాకా నవ్వు ఆపుకోవడానికి ఆడవాళ్లు పడ్డ పాట్లు దేవుడికెరుక.

ఆ తర్వాత కసిల్డా ఇంటికి జపానికి ఎవరూ రాలేదు. బల్ల ముందు ఒక్కతే కూర్చుంది. మూడయింది. కొవ్వొత్తి సగానికొచ్చింది. ఎగతాళి ఆవిడకి పెద్ద లెక్కలోది కాదు, అంతకంటే పెద్ద నోరు తన దగ్గరుంది. కానీ ఫెర్మిన్ రాలేదు. దొంగతనం చేసి తెచ్చినా రాలేదు. ఆ బంగారు రంగు మొహం కేసి చూస్తూ చాలాసేపు ఏడ్చింది, శబ్దం లేకుండా, ఎడం చేత్తో ముక్కు తుడుచుకుంటూ.

ఏడుపు అయ్యాక లేచింది. "సరే. నువ్వు రాకపోతే నేనే వస్తా. ఎప్పుడూ బద్ధకిస్టువే," అని రొట్టెని రంగుల దుప్పట్లో చుట్టి, పసిపిల్లని కట్టుకున్నట్టు వీపుకి కట్టుకుంది. నాలుగు వీధులూ దాటింది. ఒక్కో వీధిలో నలుగురైదుగురు వెనక చేరారు. కొట్లాట చూసే అదృష్టం పండగ రోజున అందరికీ పట్టదు.

రోసెందా గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఎందుకొచ్చావ్?"

"తప్పుకో వదినా. నీ తమ్ముణ్ణి తెచ్చా."

"నా తమ్ముడు లోపలున్నాడు."

"ఆ కప్పా?"

రోసెందా మొహం కందగడ్డయింది, కానీ పక్కకి జరిగింది. పోయినవాడి రొట్టెని గుమ్మంలో ఆపితే మహాపాపం. కసిల్డా తన ఫెర్మిన్ని ఆ ఫెర్మిన్ పక్కన పెట్టింది. ఇద్దరు ఫెర్మిన్లు. ఒకడు పెళ్లికొడుకులా, ఒకడు బెకబెకలాడబోతున్నట్టు. పదకొండు ఈగలూ రెండింటి మీదా ఎడాపెడా తిరిగాయి. ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే కసిల్డా మోకాళ్ల మీద కూర్చుని మాట్లాడ్డం మొదలుపెట్టింది.

"ఇందులో నువ్వెవరో నాకు తెలీదు. అందరికీ కలిపి చెబుతున్నా. ఆ రోజు లెక్క తప్పింది నేను. నవ్వింది నేను. తిట్లు నీకు పెట్టా. గడప తొక్కద్దన్నా. ముప్పై నాలుగేళ్లు చెప్పిన ఏ మాటా వినలేదు నువ్వు. కట్టెలు ఎండలో పెట్టమంటే వినలేదు, కాళ్లు కడుక్కోమంటే వినలేదు. ఆ ఒక్క మాటే విన్నావ్. అదొక్కటీ ఎందుకు విన్నావయ్యా?"

ఇలారియోన్ కూడా నమలడం ఆపాడు.

"వినలేదు," అంది రోసెందా.

కసిల్డా తల తిప్పింది.

"వాడు నీ మాట వినలేదే," అంది రోసెందా గోడకి ఆనుకుని. "మూడో రోజు పొద్దున్నే బయల్దేరాడు. 'అది తిట్టింది కదా, ఇక చల్లారి ఉంటుంది, పోతా,' అన్నాడు. టోపీ ఏదన్నాడు. నేను దాచేశా."

"దాచేశావా?"

"బట్టతలతో వీధిలోకి రాడు కదా వాడు. ఫాదరు ముందు తప్ప టోపీ తియ్యడు. ఎలుకలు ఎత్తుకుపోయాయన్నా. రోజూ వెతికేవాడు. మంచం కింద, పందుల దొడ్లో, నా పిండి డబ్బాలో కూడా. వెతుకుతూ వాగుతూనే ఉండేవాడు. నువ్వొచ్చి పిలవాలని నా పంతం. అదొక్కటే అంటే అబద్ధం. నా మొగుడు పోయి పన్నెండేళ్లు, ఈ ఇంట్లో మనిషి గొంతు లేదు. వాడుంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాటలే. ముప్పై నాలుగేళ్లు నువ్వే ఉంచుకున్నావు, నాకొక నెల ఉంటే ఏం అనుకున్నా. ఇంతలో జ్వరం..."

కసిల్డా లేచింది. ఆ వెంట్రుకలు లేని కుడి చెయ్యి పైకి లేవడం అందరూ చూశారు. ఇలారియోన్ తన సంచీని దెబ్బ తగలని చోటికి జరిపాడు. రోసెందా తప్పుకోలేదు, కళ్లు మూసుకుని మొహం ముందుకు పెట్టింది. చెయ్యి చాలాసేపు గాల్లోనే ఉంది. ఒక మంగళవార్త జపమంతసేపు ఉందని తర్వాత అన్నారు. ఆ తర్వాత దిగింది.

"టోపీ తియ్యి," అంది కసిల్డా.

రోసెందా పెట్టె తెరిచి, దుప్పట్ల అడుగు నుంచి అణిగిపోయిన గోధుమరంగు టోపీ తీసింది. కసిల్డా దాన్ని అందుకోలేదు. బల్ల మీది తన రొట్టెని మళ్లీ దుప్పట్లో చుట్టి రోసెందా చేతుల్లో పెట్టింది.

"ఆపింది నువ్వు. తీసుకొచ్చి దింపవలసిందీ నువ్వే. రేపు మధ్యాహ్నం వెళ్లిపోతాడు, ఎక్కువ టైము లేదు."

అని గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది. నాలుగు వీధులూ పరుగులాంటి నడకతో దాటింది. ఇంటికి పోయి కూర పొయ్యి మీద పెట్టింది. జుట్టు దువ్వుకుంది. గుమ్మంలో నిలబడింది.

వీధి చివర రోసెందా కనిపించింది. వీపు మీద మూట, రెండు చేతుల్లో టోపీ, వెనకాల ఊరు. మెల్లగా వస్తోంది, మోకాళ్ల నొప్పులు ఆవిడకి. గడప దగ్గరికొచ్చి ఆగి, లోపలికి రావాలో వద్దో తెలియక కసిల్డా మొహం చూసింది.

కసిల్డా ఆవిణ్ణి చూడటం లేదు. ఆవిడ భుజం మీంచి కనిపిస్తున్న నల్ల మీసాలు చూస్తోంది.

"వచ్చావా," అంది. "రా, రా. కూర వేడి చేసి ఉంచా."